పెద్దల వినికిడి - పిల్లల బాధ్యత

ఫజ్ర్ నమాజు తరువాత ఇంటి పిల్లలు దాదాజాన్ ఎదుట కూర్చుని ఖుర్ఆన్ సబఖ్ అప్పజెప్పడం మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా సాగుతున్న ఆనవాయితీ. మా అబ్బాజాన్ ఆదోనిలోని ఒక పత్తి జిన్నింగు మిల్లులో ముప్పై సంవత్సరాలకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. బడిలో చదివింది తక్కువే. అయినా పారాయణంలో అక్షరశుద్ధి దగ్గర ఎవరితోనూ రాజీపడేవారు కాదు. 'సీన్' పలకవలసిన చోట 'సాద్' పలికితే అక్కడికక్కడే ఆపి, సరిగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చదివించేవారు. మేమందరం ఆ విధంగా ఆయన ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్ళమే.

ఒకనాటి ఉదయం తొమ్మిదేళ్ళ మనుమరాలు వంటింట్లోకి వచ్చి మెల్లగా చెప్పింది: "ఈరోజు నేను ఒక మాట తప్పు చదివాను. తప్పని నాకే తెలిసింది. దాదా ఆపుతారని ఆగాను. కానీ ఆయన మాషా అల్లాహ్ అని తల ఊపారు."

మేము నవ్వి ఊరుకున్నాము. దాదా పెద్దవారయ్యారు, కాస్త మెత్తబడ్డారు అనుకున్నాము. ఆయనకు ఆ అక్షరాలు వినపడడం లేదన్న ఆలోచన మాకు రావడానికి మరికొన్ని నెలలు పట్టింది. ఆ ఆలస్యం గురించీ, ఆ తరువాత మేము చేసిన పొరపాట్ల గురించీ, చివరకు దారి దొరికిన తీరు గురించీ పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఎందుకంటే ఇటువంటి పెద్దలు లేని ఇల్లు మనలో అరుదు. అరవై ఏళ్ళు దాటినవారిలో నాలుగో వంతు మందికి పైగా నిత్య జీవితాన్ని ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కళ్ళముందున్నా గుర్తించని ఆనవాళ్ళు

ఇప్పుడు వెనుదిరిగి చూసుకుంటే ఆనవాళ్ళన్నీ ఎదుటనే ఉన్నాయి. టీవీ శబ్దం వీధి దాకా వినిపించేది. ఫోను మోగితే అబ్బాజాన్ దానిని అమ్మీ చేతికి ఇచ్చేవారు. వెనుక నుండి పిలిస్తే పలికేవారు కాదు. ఆడవారి మాటలకన్నా మగవారి మాటలకు త్వరగా జవాబిచ్చేవారు. పెళ్ళి దావత్‌లలో ఒకప్పుడు పదిమంది మధ్య కూర్చుని కబుర్లు చెప్పే మనిషి, భోజనం ముగియగానే బయట కుర్చీ వేసుకుని ఒంటరిగా కూర్చునేవారు. జుమా రోజున ఇంటికి వచ్చి ఇమామ్ గారి బయాన్‌లోని విషయాలను మాకు వివరించే అలవాటు ఎప్పుడో నిలిచిపోయింది. ఎప్పుడు నిలిచిపోయిందో మాలో ఒక్కరికీ గుర్తులేదు.

వృద్ధాప్యంలో వినికిడి ఒక్కసారిగా పోదు. ఏటికేడు కొద్దికొద్దిగా తరిగిపోతుంది. అందువల్ల పోగొట్టుకున్నవారికే పోయినట్లు తెలియదు. "ఈ కాలపు పిల్లలు మాటలు నమిలి మింగుతారు" అని వారు అనడం మొండితనం కాదు. వారికి నిజంగానే అలా వినిపిస్తుంది.

చెవిలో జరిగేది ఏమిటి?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న భాగం ఉంటుంది. దానిలో పుట్టుకతో సుమారు 15,000 సూక్ష్మ కణాలు ఉంటాయి. వాటి పైభాగం సన్నని వెంట్రుకల వలె ఉంటుంది. శబ్దతరంగాలను నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు అందించే పని వీటిదే. వయసు, పెద్ద శబ్దాల మధ్య దీర్ఘకాలం పనిచేయడం, మధుమేహం, చెవికి హాని చేసే కొన్ని మందులు - వీటివల్ల ఆ కణాలు దెబ్బతింటాయి. మనిషిలో అవి ఒకసారి నశిస్తే మళ్ళీ పుట్టవు.

మొదట దెబ్బతినేవి హెచ్చు స్థాయి శబ్దాలను గ్రహించే కణాలు. అచ్చుల ధ్వని తక్కువ స్థాయిలో, బలంగా ఉంటుంది. స, శ, ఫ, త వంటి హల్లుల ధ్వని హెచ్చు స్థాయిలో, పలుచగా ఉంటుంది. కనుక పెద్దవారికి మాట వినపడుతుంది గానీ ఏ మాటో తెలియదు. 'వినపడుతోంది, అర్థం కావడం లేదు' అనే ఫిర్యాదుకు మూలం ఇదే. పిల్లల గొంతు, స్త్రీల గొంతు పురుషుల గొంతుకన్నా హెచ్చు స్థాయిలో ఉంటాయి గనుక అవి మరింత కష్టం. 'సీన్', 'సాద్', 'సా' అక్షరాల మధ్య ఉన్న సన్నని భేదం మా అబ్బాజాన్ చెవికి ఎందుకు చేరలేదో దీనిని బట్టి మాకు బోధపడింది. పైగా చదువుతున్నది తొమ్మిదేళ్ళ పాప.

మరొక విషయం కూడా తెలుసుకోవాలి. ఇటువంటి చెవికి మెల్లని శబ్దం వినపడదు, పెద్ద శబ్దం భరించరానిదవుతుంది. మెల్లగా చెబితే "ఏమిటి?" అంటారు, గట్టిగా చెబితే "ఎందుకలా అరుస్తావు?" అంటారు. రెండూ నిజమే.

మేము చేసిన పొరపాట్లు

మొదటి పొరపాటు అరవడం. ఐదోసారి చెప్పవలసి వచ్చేటప్పటికి గొంతులో విసుగు దానంతటదే చేరుతుంది. తల్లిదండ్రుల ఎదుట విసుగును తెలిపే చిన్నపాటి పలుకు కూడా నోట రాకూడదని దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో మనకు బోధించింది. వారు వృద్ధాప్యానికి చేరినప్పటి స్థితిని ప్రత్యేకంగా ప్రస్తావించి మరీ బోధించింది. ఆ ఆయతును మేమెన్నోసార్లు చదివాము, పిల్లలకు చెప్పాము. "ఎన్నిసార్లు చెప్పాలి అబ్బా!" అన్న మా మాట కూడా దాని పరిధిలోకే వస్తుందని మాత్రం తోచలేదు.

రెండవది ఇంకా బాధాకరమైనది. ఆయన "ఏమన్నారు?" అని అడిగితే, "ఏమీ లేదులెండి" అనేవాళ్ళము. అందరూ నవ్వుతున్న మాట ఏమిటో తెలియక ఒక మనిషి మన ముఖాల వంక చూస్తుంటే, ఏమీ లేదని చెప్పడమంటే ఆయనను ఆ సభ నుండి బయటకు పంపడమే.

మూడవది తొందరపాటు. చెవి పరీక్ష ఏదీ చేయించకుండానే ఒక దుకాణంలో వినికిడి యంత్రం కొని తెచ్చి, పండుగ కానుకలా ఆయన చేతిలో పెట్టాము. రెండు రోజులు పెట్టుకున్నారు. మూడో రోజున రుమాలులో చుట్టి అలమారాలో పెట్టేశారు. "ఫ్యాను గాలి, గిన్నెల చప్పుడు, వీధిలో ఆటోలు, అన్నీ తలలోకి దూరుతున్నాయి. మనుషుల మాట మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉన్నది" అన్నారు. ఆ తరువాత దాదాపు ఒక సంవత్సరం ఆ ప్రస్తావన తెస్తే చాలు, లేచి బయటకు వెళ్ళిపోయేవారు. ఆయన మొండికేశారని మేము బంధువులతో చెప్పుకున్నాము. నిజానికి ఆ తలుపు మూసింది మేమే.

పెద్దలు ఎందుకు ఒప్పుకోరు?

దీనికి కారణాలు చాలా ఉంటాయి. చెవుడు అనే మాటను మన సమాజం వ్యాధి పేరుగా కాక వెటకారంగా వాడుతుంది. కళ్ళజోడు పెట్టుకున్నవారిని చూసి ఎవరూ నవ్వరు, చెవి యంత్రం పెట్టుకున్నవారిని చూసి మాత్రం వారి ముందే గొంతు పెంచి వెక్కిరిస్తారు. ఇంటి యజమానిగా బ్రతికిన మనిషికి అది తన మాట చెల్లని రోజుకు మొదటి మెట్టుగా కనిపిస్తుంది. పిల్లలకు ఖర్చు పెట్టించడం ఇష్టం ఉండదు. "ఇంకెన్నాళ్ళు బ్రతుకుతానని" అనే మాట వెనుక తరచుగా ఉండేది ఈ సంకోచమే.

కొందరు దీనిని సహనంతో ముడిపెడతారు. అల్లాహ్ ఇచ్చిన స్థితిని ఓర్చుకోవడమే మేలంటారు. సహనం గొప్ప సుగుణం, సందేహం లేదు. అయితే వ్యాధికి చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ఆయన హితవు మనందరికీ తెలిసినదే. వినికిడి అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహం. మిగిలిన వినికిడిని కాపాడుకోవడం ఆ అనుగ్రహానికి కృతజ్ఞత చూపడమే అవుతుంది. ఈ మాటను వాదనగా కాక, పెద్దలు గౌరవించే ఇమామ్ గారి ద్వారానో, వారి ఈడు మిత్రుని ద్వారానో చేరవేయడం మంచిది. కొడుకు నోట ఉపదేశంగా వినిపించేది, మిత్రుని నోట సలహాగా వినిపిస్తుంది.

ఒప్పించిన మాట

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) తన తండ్రితో మాట్లాడిన తీరును మర్‌యమ్ సూరాలో చూస్తాము. అంత పెద్ద విభేదంలోనూ ఆయన ప్రతిసారీ ప్రేమగా నాన్నా అని పిలిచే మాట మొదలుపెట్టారు. మాకు ఆ మర్యాద ఆలస్యంగా గుర్తుకు వచ్చింది.

ఒకనాడు అసర్ తరువాత మా అన్నదమ్ములలో చిన్నవాడు ఒక్కడే అబ్బాజాన్ దగ్గర కూర్చున్నాడు. టీవీ లేదు, ఫ్యాను ఆపి ఉన్నది. ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుని, అరవకుండా, నిదానంగా మాట్లాడాడు. మొదట ఏడాది కిందటి పనికి క్షమాపణ కోరాడు. "అబ్బా, మిమ్మల్ని అడగకుండా ఆ యంత్రం తేవడం మాదే తప్పు" అన్నాడు. ఆ తరువాత, "పాప సబఖ్ మీరే వినాలి. దానిని మరొకరికి అప్పగించడం మాకెవరికీ ఇష్టం లేదు" అన్నాడు.

అబ్బాజాన్ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు అన్నారు: "నాకు తెలుసు బేటా. సీన్, సాద్ రెండూ ఒకటిగానే వినిపిస్తున్నాయి. సరిగా చదివిన చోట పిల్లను ఆపుతానేమో, ఆమెకు తప్పు నేర్పుతానేమో అని భయం. అందుకే ఆపడమే మానేశాను."

అంటే ఆయన మెత్తబడలేదు. ఇన్నాళ్ళూ ప్రతి ఉదయం ఆ భయంతోనే పాప ఎదుట కూర్చున్నారు. మేము ఆ రాత్రి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము.

ఈ అనుభవం మాకు నేర్పినది ఇది. మీకు చెవుడు వచ్చింది అని చెప్పి ఎవరినీ ఒప్పించలేము. వారికి ప్రాణమైన ఒక పనిని ఎన్నుకుని, దానిని నిలుపుకోవడానికి మార్గం వెదుకుదామని పిలవాలి. ఒకరికి అది జమాఅతులో ఖిరాఅత్ వినడం కావచ్చు, మరొకరికి గల్ఫ్‌లో ఉన్న కుమారునితో ఫోనులో మాట్లాడడం కావచ్చు. పదిమంది చుట్టుముట్టి చెప్పరాదు, ఒక్కరే చెప్పాలి. యంత్రం మాట ఎత్తకుండా పరీక్ష వరకే అడగాలి. కాదంటే ఆ రోజుకు ఊరుకుని, మరొక మంచి సమయం కోసం వేచి ఉండాలి. వీలైతే తోడుగా మనమూ పరీక్ష చేయించుకోవాలి. మా ఇంట్లో అమ్మీ, పెద్దన్నయ్య కూడా చేయించుకున్నారు. అబ్బాజాన్ ఒక్కరే రోగి అన్న భావన దానితో తొలగిపోయింది.

పరీక్షలో తెలిసేది

మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాలి. కొందరికి గట్టిపడిన గుబిలి తీయించడంతోనే వినికిడి చాలావరకు తిరిగి వస్తుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలతో దానిని ఇంట్లో తీయబోవడం ప్రమాదకరం. కర్ణభేరి దెబ్బతినవచ్చు. గుబిలి లేనప్పుడు శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టి, రకరకాల స్థాయిలలో సన్నని శబ్దాలు వినిపించి, రెండు చెవుల పనితీరును పటంగా గీస్తారు. నొప్పి ఉండదు. వినిపించినప్పుడు బటన్ నొక్కడం ఒక్కటే పని.

మా అబ్బాజాన్ పటంలో గీత ఎడమవైపు బాగానే ఉండి, కుడివైపుకు వెళ్ళేకొద్దీ కొండవాలులా కిందికి జారింది. మిల్లులోని హోరు, వయసు రెండూ కలిసి చేసిన పని ఇది అని నిపుణురాలు చెప్పారు. ముప్పై ఏళ్ళ పాటు ఆయన ఆ హోరులో నిలబడినది మా చదువుల కోసమే.

పరీక్ష లేకుండా కొన్న యంత్రం అన్ని శబ్దాలనూ ఒకే విధంగా పెంచింది. పరీక్ష తరువాత ఇచ్చినది, ఏ స్థాయిలో లోపం ఉన్నదో అక్కడ మాత్రమే పెంచేటట్లు అమర్చినది. పాతది అలమారాకు చేరడంలో ఆయన తప్పేమీ లేదు.

కొన్ని సందర్భాలలో మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. వినికిడి హఠాత్తుగా పడిపోవడం, ఒక్క చెవికే వినపడకపోవడం, చీము లేదా రక్తం కారడం, తల తిరగడం, ముఖం ఒక పక్కకు వంకర పోవడం వంటివి కనిపిస్తే వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. హఠాత్తుగా పోయిన వినికిడికి తొలి రోజులలో మొదలుపెట్టిన చికిత్స వల్లనే ప్రయోజనం ఎక్కువ.

యంత్రం వచ్చిన తరువాత

కళ్ళజోడు పెట్టగానే చూపు కుదురుకుంటుంది. చెవి యంత్రం అలా కాదు. ఎన్నో ఏళ్ళుగా వినని శబ్దాలను మెదడు మళ్ళీ గుర్తుపట్టాలి. దానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మొదట నిశ్శబ్దమైన గదిలో రోజుకు ఒకటి రెండు గంటలు పెట్టుకుని, క్రమంగా సమయం పెంచాలి. రెండు మూడు సార్లు వెళ్ళి అమరిక సరిచేయించుకోవాలి. చాలామంది మానేసేది ఈ తొలి దశలోనే. కనుక ఇంటివారి తోడు అప్పుడే ఎక్కువ అవసరం.

మన ఇళ్ళకు సంబంధించిన కొన్ని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. వుజూకు, గుసుల్‌కు ముందు యంత్రం తీసి పొడి డబ్బాలో పెట్టాలి. చెవులు బాగా తుడుచుకుని, తడి ఆరిన తరువాతనే మళ్ళీ పెట్టుకోవాలి. నమాజులో దానిని ధరించి ఉండవచ్చు. టోపీ అంచు గానీ, దుపట్టా గానీ యంత్రాన్ని కప్పితే సన్నని ఈల శబ్దం వస్తుంది. సఫ్‌లో పక్కవారికి ఇబ్బంది కలుగుతుందేమోనని అబ్బాజాన్ మొదట మస్జిదులో దానిని తీసివేసేవారు. చెవిలో ఇమిడే భాగాన్ని కొలతకు సరిగా చేయించిన తరువాత ఆ ఈల ఆగింది. దాని బటన్ బ్యాటరీలను పసిపిల్లలకు అందకుండా దాచాలి. మింగితే ప్రాణాపాయం.

ఖర్చు భయం ఉన్నవారికి

హైదరాబాదు కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాదు బిడ్డ, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట ముంబయిలో నెలకొన్న జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. అక్కడ వినికిడి పరీక్షలు, యంత్రాల అమరిక జరుగుతాయి. అరవై ఏళ్ళు దాటిన పేదలకు వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు, చేతికర్రలు వంటివి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే ప్రారంభమైంది. వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి 'ఏడిప్' పేరుతో మరొక కేంద్ర పథకం ఉన్నది. ఆదాయ పరిమితి, అవసరమైన పత్రాల వివరాలు జిల్లా కేంద్రంలోని వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ కార్యాలయంలో తెలుస్తాయి. చదువుకున్న యువకులు తమ మొహల్లాలోని పెద్దలకు ఈ దరఖాస్తులు నింపి పెడితే అది గొప్ప సేవ అవుతుంది.

ఈ ఖర్చు చెవి కోసం మాత్రమే కాదు. మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం మార్చుకోగల 12 కారణాలలో వినికిడి లోపాన్ని కూడా లాన్సెట్ కమిషన్ 2020లో చేర్చింది. యంత్రం పెట్టుకుంటే ఆ వ్యాధి రాదని కాదు. కానీ మాటలకు దూరమైన మనిషి ఒంటరి అవుతాడు, ఒంటరితనం మనసును క్రుంగదీస్తుంది. ఇది ఏ ఇంట్లోనైనా కంటితో చూడగలిగిన సత్యం.

మనం మార్చుకోవలసినది

ఎంత మంచి యంత్రమైనా సగం పనే చేస్తుంది. మిగిలిన సగం ఇంటివారిది. వేరే గది నుండి కేకవేయకుండా ఎదుటికి వచ్చి, ముఖం మీద వెలుతురు పడేటట్లు నిలబడి మాట్లాడాలి. అరవకుండా, నిదానంగా, స్పష్టంగా పలకాలి. అర్థం కానప్పుడు అదే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పేకన్నా వేరే మాటలలో చెప్పాలి. మాట్లాడేటప్పుడు టీవీ ఆపాలి. దావత్‌లో పెద్దవారిని గోడవైపు, సందడికి దూరంగా కూర్చోబెట్టి, ఒకరు పక్కనే ఉండాలి. మస్జిద్ కమిటీలు మింబర్‌కు దగ్గరగా పెద్దలకు చోటు కల్పించి, బయాన్‌లోని ముఖ్యాంశాలను పలకపై వ్రాసిపెడితే ఎందరో పెద్దలు ఆ బోధనకు మళ్ళీ చేరువవుతారు. ముఖ్యంగా, "ఏమీ లేదులెండి" అనే మాటను మన ఇళ్ళలో నుండి తొలగించాలి.

మా అబ్బాజాన్‌కు ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయని చెప్పలేము. మస్జిదులో ప్రతిధ్వని మధ్య బయాన్ ఇప్పటికీ కొంత జారిపోతుంది. దావత్‌లలో అరగంటకే అలసిపోతారు. కానీ ఫోను తానే ఎత్తుతున్నారు. ఫజ్ర్ తరువాత పాప ఎదుట కూర్చున్నప్పుడు మళ్ళీ ఆపుతున్నారు. సందేహం వస్తే, "ఇక్కడ ఏ అక్షరం ఉన్నది, చూపించు" అంటారు. పాప వేలితో చూపిస్తుంది. ఇద్దరూ ఆ మాటను కలిసి చదువుతారు.

మొన్న ఒకే పేజీలో నాలుగుసార్లు ఆపారట. పాప వంటింట్లోకి పరుగెత్తుకు వచ్చి, ఆ సంగతి ఎంతో సంతోషంగా చెప్పింది.